అరుగుమీద కబుర్లు: వెదురుగొట్టంలో కాగితం

ఈ శీర్షికకు అరుగుమీద కబుర్లు అని పేరు పెట్టుకున్న పాపానికి మేము అరుగు దిగకుండానే కాలక్షేపం చేస్తున్నామని ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. ఆవిడ మాట నిజమే. కనకాలపేటలో ఇల్లు, యానాంలో ఆఫీసు, రెంటికీ మధ్య సైకిలు. ఈ మూడింటితోనే మాకు సంవత్సరం తిరిగిపోతుంది. సెలవు దొరికితే ద్రాక్షారామం, నాలుగు రోజులు దొరికితే అన్నవరం. ఆ సోదరి ఏ ఘడియలో అన్నారో గాని, కిందటి నెలలో మేము వీపుమీద మూట వేసుకొని మారేడుమిల్లి అడవుల్లో మూడు రోజులు నడిచి, కొండరెడ్ల పల్లెల్లో రెండు రాత్రులు పడుకొని వచ్చాము. మోకాళ్ళ నొప్పులు ఇంకా తగ్గలేదు. ఆ సంగతులు చిత్తగించండి.

దీనికంతకూ కారకుడు మా మేనల్లుడు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. కుర్రవాడు మంచివాడే గాని, బ్యాక్‌ప్యాకింగ్ అనే వ్యసనం ఒకటి పట్టుకుంది. ఒక సంచిలో రెండు జతల బట్టలు కుక్కుకొని, హోటలు గది మాట తలపెట్టకుండా, కాళ్ళు తీసుకుపోయిన చోటికల్లా పోవడమే ఆ విద్య. థాయిలాండులో చియాంగ్‌మై అనే ఊరు దగ్గర ఇలాంటి నడకలు చాలాకాలంగా సాగుతున్నాయట. కరెన్, ఆఖా, లాహూ అనే కొండజాతుల పల్లెల్లో రాత్రుళ్ళు ఉండి, వాళ్ళు పెట్టింది తిని, పొద్దున్నే మళ్ళీ నడక. మావాడు అక్కడికీ వెళ్ళి వచ్చాడు. వచ్చి మాతో అన్నాడు గదా, "మావయ్యా, విమానమెక్కి పోయి పరాయి దేశపు కొండవాళ్ళ ఇళ్ళల్లో పడుకొని వచ్చాను. మన గోదావరి పక్కనున్న కొండవాళ్ళ మొహం చూడలేదు. సిగ్గుగా ఉంది. నువ్వు కూడా రా." ఆ సిగ్గు మాకూ తగిలింది. నలభైయేళ్ళు దాటినా మేమూ చూడలేదు మరి.

మా ఇంటావిడ జంతికలు, ఆవకాయ, అమృతాంజనం కట్టి ఇచ్చింది. ఏజెన్సీలో మలేరియా భయం ఉంటుందని దోమతెర మా మెడకు చుట్టినంత పని చేసింది. ఆ దోమతెరే తరువాత మమ్మల్ని కాపాడింది.

రాజమండ్రినుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి ఎనభై అయిదు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. మొన్న మొన్నటివరకు అదంతా తూర్పు గోదావరి జిల్లాయే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు అల్లూరి సీతారామరాజు పేరిట ఏర్పడిన కొత్త జిల్లాలోకి వెళ్ళింది. ఘాటురోడ్డు పొడుగునా వెదురుబొంగులో కోడిమాంసం కాల్చి అమ్ముతున్నారు. సూర్యోదయం చూడడానికి గుడిస గడ్డికొండ మీదికి జనం జీపులకు జీపులు ఎక్కిపోతున్నారు. మేము ఆ తిరనాళ్ళకు పోలేదు. అటవీశాఖవారిని అడగవలసినది అడిగి, ఆ కొండల్లో పుట్టి పెరిగిన ఒక కొండరెడ్డి కుర్రవాణ్ణి దారి చూపడానికి కుదుర్చుకొని, రోడ్డు వదలి నడక మొదలుపెట్టాము. మేము బస చేసిన పల్లెల పేర్లు కావాలనే వ్రాయడం లేదు. ఈ సంచిక చదివి ఆదివారం నాడు పది కార్లు అక్కడికి వెళ్ళకూడదని మా కోరిక.

నడుస్తుంటే మాకు మొదట తోచిన సంగతి ఏమిటంటే, ఈ అడవి మాకు కొత్త గాని, మా ఇంటికి కొత్త కాదు. మా వాకిలి ఊడ్చే కొండచీపురు ఇక్కడి గడ్డే. మా అక్క పెళ్ళిలో వడ్డించిన అడ్డాకు విస్తళ్ళు ఇలాంటి తీగెలవే. మా పులుసులో చింతపండు, తలంటుకు కుంకుడుకాయ, పసిపిల్లలకు అరగదీసే కరక్కాయ ఈ కొండలనుంచే దిగుతాయి. వీటిని కొండవాళ్ళ దగ్గర కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. అంతకుముందు బేరమంతా షావుకార్లదే. ఈ కొండల వాగులెన్నో గోదావరిలో కలుస్తాయి. ఆ గోదావరే ధవళేశ్వరం దాటి గౌతమియై మా యానాం పక్కగా సముద్రంలో పడుతుంది. ఇన్ని విధాల వాళ్ళ వస్తువులు మా ఇంటికి నడిచి వస్తూ ఉంటే, మేము వాళ్ళ ఇంటికి నడిచి వెళ్ళడానికి నలభైయేళ్ళు పట్టింది.

మధ్యాహ్నం ఒక కొండవాలున కూర్చొని మేనల్లుడు, "మావయ్యా, ఇక్కడో అరెకరం కొని నాలుగు కుటీరాలు వేస్తే ఎలా ఉంటుంది?" అన్నాడు. ఇరవైయేళ్ళకు పైగా ఫైళ్ళతో కాపురం చేసిన వాళ్ళం గనుక ఆ ముచ్చట అక్కడే తుంచవలసి వచ్చింది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనరాదని 1959లో రెగ్యులేషను వచ్చింది. 1970లో దాన్ని మరింత బిగించారు. వన్ ఆఫ్ సెవెంటీ అని పల్లెల్లో సైతం అంటారే, అదే ఇది. ఆ కట్టడి లేకపోతే ఈపాటికి ఈ వాలు ఎవరి చేతుల్లో ఉండేదో చెప్పనక్కరలేదు. మావాడు బుద్ధిమంతుడు, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మొదటి రాత్రి ఒక చిన్న పల్లెలో దిగాము. ఇరవై ఇళ్ళకు మించి లేవు. వెదురు తడికలమీద మట్టి మెత్తిన గోడలు, గడ్డి కప్పులు, అద్దంలాగా అలికిన వాకిళ్ళు. జొన్న అన్నం, కందిపప్పు, పండుమిరపకాయల కారం పెట్టారు. మేము మా ఆవకాయ బయటికి తీస్తే పిల్లలు నాలికలు చప్పరించారు. జీలుగు కల్లు కూడా ఇచ్చారు. రుచి చూశామా లేదా అనేది మా ఇంటావిడ కూడా ఈ పత్రిక చదువుతుంది గనుక వ్రాయడం లేదు.

ఆ జీలుగు చెట్టుకు పెద్ద చరిత్రే ఉంది. 1879లో రంప తిరుగుబాటు లేవడానికి ముఖ్య కారణం కల్లుమీద వేసిన చిగురుపన్ను. ఎవరి చెట్టు కల్లు వారు తాగినా పన్ను కట్టాలన్నారు. కొండలు భగ్గుమన్నాయి. తరువాత 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజుగారి వెంట నడిచింది కూడా ఈ కొండలవారే. జీలుగు కల్లే కాదు, తిండిగింజలు నిండుకున్న రోజుల్లో ఆ చెట్టు మానులోని బోదె దంచి, పిండి తీసి కాచుకొని తింటారు. మామిడిటెంకల లోపలి జీడితో కూడా అంబలి కాచుకుంటారట. "పంట ఇంటికొచ్చిన రోజుల్లో వచ్చారు గనక జొన్నన్నం. వానల్లో వస్తే మిమ్మల్ని ఏం పెట్టి పంపేవాళ్ళమో," అని ఆ ఇంటి ముసలమ్మ నవ్వింది. మాకు ముద్ద గొంతులో ఒక్క క్షణం ఆగింది.

దేశం మొత్తంమీద మిక్కిలి బలహీనంగా ఉన్న గిరిజన తెగలని ప్రభుత్వం డెబ్బై అయిదింటిని గుర్తించింది. వాటిలో కొండరెడ్లు ఒకరు. వారి ఇంటి భాష తెలుగే. యాస వేరు, అంతే. హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు రెండవ ప్రపంచ యుద్ధపు రోజుల్లో వీరి పల్లెల్లో మసలి, 1945లో వీరినిగూర్చి ఇంగ్లీషులో పుస్తకం అచ్చువేశాడు. మైదానపు వడ్డీ వ్యాపారులు, కలప కంట్రాక్టర్లు వీరిని అప్పుల్లో ఎలా బిగించారో కూడా వ్రాశాడు. అప్పు కాగితంమీద ఏమున్నదో అప్పు తీసుకున్నవాడికి తెలియకపోవడం ఆ బిగింపులో సగం. ఈ మాట ఇప్పుడెందుకంటే, కాస్త ఓపిక పట్టండి.

మరునాడు పొద్దున మా మేనల్లుడు రోలు దగ్గర జొన్నలు దంచుతున్న ముసలమ్మను ఫోనుతో ఫోటో తీశాడు. ఆమె కోప్పడలేదు. రోకలి పక్కన పెట్టి, "ఎందుకు తీశావయ్యా?" అంది. "మా ఊళ్ళో చూపించడానికి అవ్వా." "ఏమని చూపిస్తావు?" అంది. వాడికి జవాబు తోచలేదు. మేమూ వాణ్ణి ఆదుకోలేకపోయాము. వాడు ఫోటో చెరిపేశానని ఆమెకు చూపించి, ఫోను సంచిలో వేశాడు. థాయిలాండులో మెడకు ఇత్తడి కడియాలు వేసుకునే స్త్రీలున్న పల్లెల్లో టిక్కెట్టు కొని లోపలికి పోవాలట. వాడు అక్కడ కూడా ఫోటోలు తీసినవాడే. మన అండమానులో జారవా స్త్రీల చేత టూరిస్టుల ముందు నృత్యం చేయించిన వీడియో 2012లో బయటపడి దేశమంతా తలవంచుకున్నది. "అక్కడ ఎవరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు మావయ్యా," అన్నాడు దారిలో. అడిగినా భాష అర్థమయ్యేది కాదు. ఇక్కడ అర్థమయింది. తేడా అదే.

రెండవ రాత్రి బస మరో పల్లెలో. ఇంటి పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. మేము ఆఫీసు గుమాస్తాలమని దారి చూపే కుర్రవాడు చెప్పగానే ఆయన మొహం వెలిగింది. భోజనాలయ్యాక, "బాబుగారూ, తమరికి ఒకటి చూపించాల," అని చూరులోనుంచి ఒక వెదురుగొట్టం తీశాడు. బొంగుకు గుడ్డపీచు బిరడా. లోపల చుట్టచుట్టిన కాగితం. వాన తడి తగలకుండా, ఎలుక కొట్టకుండా దాచాడు. "నా పోడు పట్టా. మా నాన్న కొట్టిన పోడు ఇది. నేను పుట్టకముందు నుంచి మాదే. ఇన్నాళ్ళకు గవర్నమెంటు కాగితం ఇచ్చింది. ఆ రోజు కోడిని కోశాము," అన్నాడు.

బుడ్డిదీపం దగ్గరికి జరిగి చదివాము. కాగితం ఇంగ్లీషులో ఉంది. అది పట్టా కాదు. ఆయన పెట్టుకున్న అర్జీని తిరస్కరిస్తూ సబ్ డివిజను స్థాయి కమిటీ నుంచి వచ్చిన ఉత్తరువు. ఆధారాలు చాలలేదన్నారు. కింద సంతకం, గుండ్రటి ముద్ర. ఆయనకు తెలిసింది ఆ ముద్ర ఒక్కటే.

ఇంటివాళ్ళందరూ మా మొహం చూస్తున్నారు. "పొద్దున్నే వెలుతురులో బాగా చదువుతాను పెద్దాయనా," అన్నాము. అబద్ధం కాదు, నిజమూ కాదు. గుమాస్తా భాషలో దాన్ని వాయిదా అంటారు.

ఆ రాత్రి దోమతెరలో నిద్ర పట్టలేదు. మా తాతగారు జ్ఞాపకం వచ్చారు. ఆయన రోజుల్లో యానాం ఫ్రెంచివారిది. 1954లో వాళ్ళు విడిచిపోయేదాకా కచేరీ కాగితాలు ఫ్రెంచిలో ఉండేవి. మా తాతకు తెలుగు అక్షరాలే అంతంతమాత్రం. ఇంటికి ఒక కాగితం వస్తే, అది పట్టుకొని చదివిపెట్టేవాడి గుమ్మంలో రోజంతా కూర్చొనేవారట. చదివినందుకు డబ్బు ఇచ్చుకోవాలి, చదివింది నమ్ముకోవాలి. ఒకసారి గడువు దాటిన తరువాత తెలిసింది, ఆ కాగితానికి గడువున్నదని. ఎంత పోయిందో మాకు తెలియదు. ఆయన చెప్పలేదు. మాకు మాత్రం, "నలుగురి కాగితాలు చదివిపెట్టేవాడివి కారా," అనేవారు. మెట్రిక్ ప్యాసై, తెలుగూ ఇంగ్లీషూ రెండూ నేర్చి గుమాస్తాలమయ్యాము. నలుగురికీ అర్థంకాని కాగితాలు వ్రాసేవాళ్ళలో చేరిపోయాము. అలాంటి ఉత్తరువులు మేమెన్ని టైపు చేశామో! అవి ఏ చూరుకింద ఏ గొట్టంలో ఉన్నాయో ఒక్కనాడైనా ఆలోచించామా?

తెల్లవారగానే చెప్పేశాము. పెద్దాయన ఏమీ అనలేదు. కాగితం తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఇంకో పక్కన ఏమన్నా మంచిమాట ఉంటుందేమోనన్నట్టు. ఆయన భార్య పొయ్యిదగ్గర నుంచి లేచి వచ్చి, "అయితే పొలం పోయినట్టేనా బాబూ?" అంది.

పోలేదు. అదే పాఠకులకు కూడా విన్నవించదలచాము. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి ముందునుంచి అడవిభూమి సాగుచేసుకుంటున్న గిరిజనులకు, వాస్తవంగా సాగులో ఉన్నంతమేర, నాలుగు హెక్టార్లకు మించకుండా హక్కు ఇవ్వాలన్నది ఆ చట్టం. అర్జీ మొదట గ్రామసభలో పరిశీలించాలి. ఆ పైన సబ్ డివిజను కమిటీ, ఆ పైన కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ. సబ్ డివిజను కమిటీ కాదంటే అరవై రోజుల్లోగా జిల్లా కమిటీకి చెప్పుకోవచ్చు. నిరాకరించిన సంగతి అర్జీదారుకు స్వయంగా తెలియజేయాలని 2012లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. గడువును మరో ముప్పై రోజులు పొడిగించే వీలు కూడా పెట్టారు. ఆధారమంటే రిజిస్టరు కాగితమే కానక్కరలేదు. అర్జీదారు కాని ఊరి పెద్దల వాఙ్మూలం వ్రాయించి పెట్టవచ్చు. భూమిమీద కట్టిన గట్లు, గుడిసె, బావి, శ్మశానం, ఇవన్నీ ఆధారాలే. ఇలాంటివి రెండు జతపరచాలి. పెద్దాయన అర్జీతో జతపరచింది ఒక్కటే.

తారీఖు చూసి లెక్క కట్టాము. అరవైలో నలభై మూడు రోజులు వెదురుగొట్టంలోనే గడిచిపోయాయి. మిగిలినవి పదిహేడు.

ఆనాడు మేము ఒక జలపాతం చూడవలసి ఉంది. మేనల్లుడే, "జలపాతం ఎక్కడికీ పోదు మావయ్యా," అన్నాడు. ఊరంతా కలిసి పొలానికి వెళ్ళాము. పెద్దాయన తండ్రి పేర్చిన రాతిగట్టు ఉంది. ఆయన నాటిన చింతచెట్టు ఇద్దరు చేతులు కలిపినా అందనంత లావయింది. పొలం చివర ఆయన సమాధి రాయి. ఇంటివాళ్ళు సరేనన్నాక మేనల్లుడు ఫోను బయటికి తీసి గట్టునూ, చెట్టునూ, రాయినీ ఫోటోలు తీశాడు. ఈసారి ఎందుకని ఎవరూ అడగలేదు. బడిపిల్లల నోటుబుక్కు కాగితాలమీద మేము తెలుగులోనే అర్జీ వ్రాశాము. ప్రతి వాక్యం పైకి చదివి, పెద్దాయన "ఊఁ" అన్నాకనే తరువాతి వాక్యం. ఇద్దరు ముసలివాళ్ళు తమకు తెలిసినది చెప్పి వేలిముద్రలు వేశారు. పట్టా వస్తే భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలని చట్టంలో ఉన్నదని చెబితే ఆ ఇల్లాలు, "నా పేరు కూడానా?" అని రెండుసార్లు అడిగింది. ఆమె పేరు వ్రాసి చూపించాము. చాలాసేపు చూసింది.

మధ్యాహ్నం పెద్దాయన కొడుకును వెంటబెట్టుకొని కొండ దిగాము. మరునాడు సంబంధిత ఆఫీసులో అర్జీ ఇస్తే, అక్కడి గుమాస్తా సోమవారం రమ్మన్నాడు. ఆయన మా కులంవాడే, గుమాస్తా కులం. ఈ సోమవారం అనే మంత్రం మేమూ జపించినదే. కోప్పడకుండా, "ఇన్వర్డు నంబరు వేసి రసీదు ఇప్పించండి, సోమవారం కూడా వస్తాడు," అన్నాము. ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "తమరూ ఆఫీసువారేనా?" అని నంబరు వేశాడు. ఏ కాగితానికైనా ప్రాణం ఇన్వర్డు నంబరు. ఆ కుర్రవాడు రసీదును అదే వెదురుగొట్టంలో పెట్టుకున్నాడు. నకలు మా దగ్గర ఉంది. ఇది వ్రాసేనాటికి జవాబు రాలేదు. వస్తే, అది ఏదైనా సరే, ఈ అరుగుమీదే చెబుతాము.

ఇక కొండలకు వెళ్ళదలచిన యువకులకు రెండు మాటలు. వెళ్ళండి, తప్పక వెళ్ళండి. ఊరివాణ్ణే దారికి కుదుర్చుకోండి, కూలి బేరమాడకండి. ఇంటివాళ్ళ గింజలు తిన్నప్పుడు బియ్యమో పప్పో వెంట తీసుకుపోయి ఇచ్చి రండి. అడగనిదే ఫోటో తీయకండి. ప్లాస్టిక్కు చెత్త మీ సంచిలోనే కిందికి తెచ్చుకోండి. దోమతెర మరువకండి. అన్నిటికన్నా ముఖ్యంగా, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవారైతే, భోజనమయ్యాక "మీ ఇంట్లో చదివిపెట్టవలసిన కాగితమేదైనా ఉందా?" అని ఒక్కమాట అడగండి.

దానికి కొండే ఎక్కనక్కరలేదు. మా కనకాలపేటలోనూ బ్యాంకు కాగితాలు, కోర్టు కాగితాలు అర్థంకాక పెట్టెల్లో దాచుకున్న ముసలివాళ్ళు ఉన్నారు. మీ వీధిలో ఉండరా? ఈ నెల నుంచి ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు మా అరుగుమీద కూర్చొని, ఎవరు ఏ కాగితం తెచ్చినా చదివి చెప్పాలని నిశ్చయించుకున్నాము. మొదటి ఆదివారం ముగ్గురు వచ్చారు. ఒకరిది కరెంటు బిల్లు, ఒకరిది మనుమడి ఉద్యోగపు ఉత్తరం. మూడవ ఆయన ఏ కాగితమూ తేలేదు. నిజంగా చదువుతున్నామో లేదో చూసిపోదామని వచ్చానన్నాడు.